ప్రాచ్య ఇటాలియన్ – మన యింటి తెలుగు

ఉగాది సభ ఎక్కడ జరిగినా, ఉపన్యాసకులు ఎవరైనా, ఒక్క మాట మాత్రం తప్పక వినబడుతూ ఉంటుంది: మన తెలుగు 'ప్రాచ్య ఇటాలియన్' అని. సభలోనివారు చప్పట్లు కొడతారు. మేమును అనేక పర్యాయములు కొట్టినాము. అయితే కొన్ని సంవత్సరముల క్రిందట పోచంపల్లిలో మా బంధువుల యింట ఒక పెండ్లి జరిగినది. కోస్తా జిల్లాల నుండి వచ్చిన పెద్దమనిషి ఒకరు బయలుదేరుతూ ఉండగా, మా యింటి చిన్నపిల్ల ఎదురుపోయి, "యాడికి పోతా ఉండారు మామా?" అని అడిగినది. ఆయన నవ్వి, "ఇదేమి తెలుగమ్మా!" అన్నారు. ఆయన మనస్సులో చెడ్డ ఏమియు లేదు. ముద్దుగానే అన్నారు. కాని ఆనాటి నుండి ఆ పిల్ల చుట్టాల యెదుట నోరు విప్పవలసివస్తే తమిళములోనే విప్పుచున్నది.

ఆ సాయంకాలమే, ఆ పందిట్లోనే, పెద్దలొకరు లేచి తెలుగు ప్రాచ్య ఇటాలియన్ అని చెప్పినారు. ఇంత తీయని భాష మాట్లాడే పిల్లకు సిగ్గెందుకు కలుగవలె? ఈ ప్రశ్న మమ్ములను విడువలేదు. మన భాషను పోల్చుచున్న ఆ ఇటాలియన్ ఎటువంటిది, ఎక్కడ పుట్టినది, దాని తోబుట్టువుల గతి ఏమైనది అని విచారింపసాగినాము. ఆ విచారణలో తేలిన సంగతులను మనవారి యెదుట ఉంచుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆ పోలిక పుట్టుక. దీనిని పదునైదవ శతాబ్దమున విజయనగరమును దర్శించిన నికొలో కాంటీ అనే యాత్రికునికి ఆపాదించుట పరిపాటి. కాంటీ వెనీసు రాజ్యములోని కియోజా పట్టణమునకు చెందిన వర్తకుడు. చాలకాలము తూర్పుదేశములలో తిరిగి స్వదేశము చేరిన పిమ్మట అతడు చెప్పిన వృత్తాంతమును పోజో బ్రాచోలీని అనే పండితుడు లాటిన్ భాషలో వ్రాసిపెట్టినాడు. ఆ గ్రంథములో విజయనగరపు వైభవము ఉన్నది, అచటి ఉత్సవములు ఉన్నవి. తెలుగు పదములు ఇటాలియన్ పదములవలె అచ్చులతో ముగియునన్న మాట మాత్రము అందులో లేదు. ఆ పోలికకు వ్యాప్తి కలిగినది పందొమ్మిదవ శతాబ్దములో, మన భాషను గురించి వ్రాసిన ఆంగ్లేయుల వలన.

పోలిక మాత్రము అబద్ధము కాదు. తెలుగు అజంత భాష. తమిళులు 'పాల్' అని వ్రాయుదురు, మనము 'పాలు' అంటాము. వారు 'ఊర్' అని వ్రాయుదురు, మనము 'ఊరు' అంటాము. అట్లే ఇటాలియన్‌లో రొట్టె 'పానె', కుక్క 'కానె', చేయి 'మానో'. కాని ఇందులో ఒక చమత్కారమున్నది. కాంటీ పుట్టిన వెనీసు సీమలో ఇంటిభాష ఇటాలియన్ కాదు, వెనీషియన్. ఆ భాషలో రొట్టె 'పాన్', కుక్క 'కాన్', చేయి 'మాన్'. అనగా, మన భాష అజంతమని మెచ్చుకొన్నట్లు మనము చెప్పుకొనే ఆ వర్తకుని సొంత భాషలోనే ఎన్నో మాటలు హల్లుతో ముగియును! ఇంకొకటి. తమిళమును వ్రాతలో చూడక వీథిలో వింటే, 'పాల్' చాలమంది నోట 'పాలు' అనియే పలుకును. పాత కన్నడమున హల్లుతో ముగిసిన పదములు అనేకము కొత్త కన్నడమున అచ్చుతో ముగియుచున్నవి. కావున కేవలము చివరి అచ్చును పట్టుకొని గర్వించుట చాలదు. పోలికలోని అసలు సారము మరియొక చోట ఉన్నది.

ఆ సారము ఇది. ఇటలీలో ఇటాలియన్ ఒక్కటే భాష కాదు. రోమక సామ్రాజ్యము చెదరిన పిమ్మట జనుల నోట నున్న లాటిన్ ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విధముగా మారినది. ఉత్తరమున పీడ్‌మాంటీస్, లొంబార్డు, వెనీషియన్, ఈశాన్యమున ఫ్రియూలియన్, నడుమ టస్కన్, దక్షిణమున నియాపోలిటన్, సిసిలియన్, ద్వీపమున సార్దీనియన్. ఇవి ఇటాలియన్‌కు చెడిన రూపములని చాలమంది భావించుచుందురు. అది పొరపాటు. ఇవన్నియు లాటిన్ బిడ్డలే. ఇటాలియన్ అని నేడు మనము పిలుచుచున్నది ఆ అక్కచెల్లెండ్రలో ఒక్కతె, టస్కనీ సీమలోని ఫ్లారెన్సు నగరపు భాష. భాషాశాస్త్రజ్ఞులు పడమట లా స్పెజియా నుండి తూర్పున రిమినీ వరకు ఒక గీత గీసి చూపుదురు. ఆ గీతకు ఉత్తరమున అనేక సీమలలో పదాంతముననున్న అచ్చులు రాలిపోయినవి. దక్షిణమున నిలిచినవి. సిసిలీలో అవి నిలిచియే కొంత మారినవి: ఇటాలియన్‌లో పుస్తకము 'లిబ్రో', సిసిలియన్‌లో 'లిబ్బ్రు'.

మరి ఆ ఒక్కతెకు పెద్దరికము ఎట్లు వచ్చినది? మొదట పుట్టినందున కాదు. లాటిన్ కాక జనుల నోటి భాష స్పష్టముగా కనుపించు తొలి వ్రాతలలో ప్రసిద్ధమైనది 960వ సంవత్సరమున కాపువాలో నడచిన ఒక భూమి తగవునకు సంబంధించిన సాక్ష్యము. కాపువా దక్షిణదేశమున నేపుల్సు దగ్గర నున్నది, టస్కనీలో లేదు. కవిత్వముచేతనూ కాదు. పదమూడవ శతాబ్దమున రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి ఆస్థానమున సిసిలీ కవులు దేశభాషలో ప్రేమగీతములు వ్రాసిన పిమ్మటనే టస్కనీ కవులు వారి నడక పట్టినారు. నేడు లోకమంతట వ్యాపించిన 'సానెట్' అనే పద్యరూపము ఆ సిసిలీ ఆస్థానముననే పుట్టినది. మన భాషకును ఇట్టిదే కథ కలదు. తొలి తెలుగు శాసనములు కృష్ణా గోదావరీ తీరమున దొరకలేదు. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోళులు కడప సీమలోని కలమళ్ళలో వేయించినది వానిలో మొదటిదిగా ఎన్నబడుచున్నది. రేనాడు మనకు దూరపు సీమ కాదు. మన పలుకునకు అక్కడి పలుకు దగ్గర చుట్టము.

ఫ్లారెన్సు భాషకు పెద్దరికము తెచ్చినవారు ముగ్గురు: దాంతే, పెట్రార్కా, బొకాచియో. మన కవిత్రయమువలె వారిది ఇటలీ కవిత్రయము. వీరిలో దాంతే 1303–1305 ప్రాంతమున దేశభాషలను గురించి లాటిన్‌లో ఒక గ్రంథము ఆరంభించినాడు. అందులో ఇటలీ పలుకులను పదునాలుగుగా విభజించి, ఒక్కొక్కదానిని పరీక్షించి, తన టస్కన్‌ను గూడ విడువక విమర్శించినాడు. ఉత్తమమైన భాష ఏ ఒక్క ఊరిలోను పూర్తిగా లేదనియు, అన్ని ఊళ్ళలోను దాని సువాసన కలదనియు అతని సిద్ధాంతము. తరువాతి తరములవారు ఆ విశాలబుద్ధిని విడిచి అతని కావ్యభాషను మాత్రము పట్టుకొన్నారు. 1525లో బెంబో అనే పండితుడు, పద్యమునకు పెట్రార్కా, గద్యమునకు బొకాచియో ప్రమాణమని తీర్మానించినాడు. 1583లో ఫ్లారెన్సులో నెలకొన్న క్రుస్కా పరిషత్తు 1612లో మహానిఘంటువును అచ్చువేసినది. నాటినుండి వ్రాతకు ఒక దారి ఏర్పడినది.

ఇక్కడ మనవారు గమనింపదగిన ముఖ్యవిషయము ఒకటి ఉన్నది. టస్కన్‌కు నియమములు కట్టిన బెంబో టస్కనీవాడు కాదు, వెనీసువాడు. పందొమ్మిదవ శతాబ్దమున ఇటాలియన్ నవలకు గురుపీఠమైన మంజోనీ మిలాను నగరమువాడు. అతడు తన నవలను 1827లో ప్రకటించి, ఆ భాషతో తృప్తి చెందక, ఫ్లారెన్సులో చదువుకొన్నవారు మాట్లాడే మాటకు సరిపోవునట్లు మొత్తము తిరుగవ్రాసి 1840–42లో మరల అచ్చువేసినాడు. దేశమంతయు ఒకే నగరపు పలుకును అనుకరింపవలెనన్న మంజోనీ వాదమును 1873లో గట్టిగా ఎదిరించిన అస్కోలీ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఈశాన్యపు అంచునగల గొరీజియాలో పుట్టినవాడు. అంచున నున్నవారే భాషను గురించి ఎక్కువగా ఆలోచించినారు. నడుమ నున్నవానికి భాష గాలివంటిది, తెలియకయే పీల్చును. అంచున నున్నవానికి అది దీపమువంటిది, ఆరకుండ చేయి అడ్డము పెట్టవలె.

మన తెలుగు చరిత్రమును ఈ దృష్టితో చూచిన ఎంత చిత్రముగా సరిపోవుచున్నది! 1858లో బాలవ్యాకరణమును వెలువరించిన పరవస్తు చిన్నయసూరి శ్రీపెరుంబూదూరులో పుట్టి చెన్నపట్టణమున బోధించినవారు. వ్రాతభాష వాడుకభాషకు దగ్గర కావలెనని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) ఉపాధ్యాయవృత్తిలో గడపినది పర్లాకిమిడిలో, ఇప్పటి ఒడిశాలో. తంజావూరు, మధుర నాయకరాజుల కాలమున తెలుగు సాహిత్యము తమిళదేశమున వెలసినది. రఘునాథ నాయకుని ఆస్థానమున చేమకూర వెంకటకవి విజయవిలాసమును రచించినాడు. తెలుగు వచనకావ్యమునకు ప్రత్యేక స్థానము కలిగినది ఆ దక్షిణాంధ్ర యుగముననే. త్యాగరాజస్వామి (1767–1847) తిరువైయారులో కూర్చుండి పాడిన తెలుగు కీర్తనలను నేటికిని తమిళ సోదరులు భక్తితో పాడుచున్నారు. ఐరోపాలో ఇటాలియన్‌కు సంగీతమువలన కలిగిన గౌరవము మన భాషకు ఇక్కడ కలిగినది. ప్రాచ్య ఇటాలియన్ అను మాటకు అర్థము వెదకినచో అది ఇక్కడ కొంత దొరకును.

ఇటలీవారికిని మన దక్షిణదేశమునకును నేరుగా సంబంధము లేకపోలేదు. 1606లో మధుర చేరిన రొబెర్తో ది నోబిలీ తమిళ సంస్కృతములతోపాటు తెలుగును నేర్చినాడు. నాయకుల దొరతనము తెలుగువారిది గదా! అతడు 1623లో సేలము, సేందమంగలము ప్రాంతములకు వచ్చినాడు. తరువాతి శతాబ్దమున వచ్చిన బెస్కీ, తమిళులు వీరమామునివర్ అని పిలుచుకొనునాయన, ఉత్తర ఇటలీలో మాంతువా సమీపమున పుట్టినవాడు. ఆ సీమలో ఇంటిపలుకు వేరు, పుస్తకపు ఇటాలియన్ వేరు. బెస్కీ తమిళమునకు ఒక్క వ్యాకరణముతో సరిపెట్టలేదు. కావ్యభాషయగు సెందమిళమునకు ఒకటి, వాడుకయగు కొడుందమిళమునకు ఒకటి వేరువేరుగా వ్రాసినాడు. రెండవది 1738లో తరంగంబాడిలో అచ్చైనది. అతని పుట్టిన సీమయే దీనికి కారణమని మేము చెప్పజాలము. కాని ఇంటిమాటకును వ్యాకరణముండునని ఒప్పుకొన్న ఆ మర్యాద మన మనస్సునకు తగులుచున్నది.

ఇక మన సీమ మాట. బారామహలు 1792లోను, హొసూరు ప్రాంతము 1799లోను ఇంగ్లీషువారి చేతికి వచ్చి సేలము జిల్లాలో చేరినవి. 1956లో రాష్ట్రములు భాషనుబట్టి ఏర్పడినప్పుడు మనము మదరాసు రాష్ట్రమున నిలిచితిమి. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినవి. జిల్లాల పేర్లు మారినవి కాని పోచంపల్లి సంతలో మాటల కలయిక మారలేదు. టెంకాయలకు బేరము తమిళమున సాగును, ఇంటికి రాగానే లెక్క తెలుగున చెప్పుకొందుము. హొసూరు వైపు పోయిన కన్నడము గూడ తోడగును. ఈ మూడు భాషలును ఒక తల్లి బిడ్డలని మొదట నిరూపించిన ఎల్లిస్ దొర వాదము, 1816లో చెన్నపట్టణమున క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికగా అచ్చైనదని మనవారెందరికి తెలుసును? కావున తమిళము మనకు పరాయిది కాదు. లాటిన్ బిడ్డలు ఇటలీలో పక్కపక్కన నివసించినట్లు మనము ఇక్కడ నివసించుచున్నాము.

అయితే మన పలుకు కోస్తా పలుకునకు చెల్లెలు గూడ కాదు, దానితో ఒకే దేహము. వెనీషియన్‌కును ఇటాలియన్‌కును ఉన్నంత దూరము మన 'యాడికి'కిని వారి 'ఎక్కడికి'కిని లేదు. ఇవి ఒకే భాషలోని మాండలికములు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినప్పుడు, పల్లెటూరి రైతు నోటిమాటకు నిఘంటువులో పీట వేసినారు. మన యిండ్లలో గేదెను 'ఎనుము' అంటాము, చెట్టును 'మాను' అంటాము, చోటును 'తావు' అంటాము. ఇవి మోటుమాటలా? ఎనుము, మ్రాను, తావు, మూడును ప్రాచీన కావ్యములలోని మాటలే. కోస్తావారు 'వచ్చాడు' అన్నచోట మనము 'వచ్చినాడు' అంటాము. వ్యాకరణము చదివినవారు ఏది పాత రూపమో చెప్పగలరు. మన మాటలో తమిళము కలిసినదని ఆక్షేపించువారు సిసిలీని తలచుకొనవలె. అచట నువ్వులను 'జుజ్జులేనా' అంటారు. అది అరబ్బీ మాట. అరబ్బులు ఏలిన చోట అరబ్బీ, స్పెయినువారు ఏలిన నేపుల్సులో స్పానిష్ మాటలు కలిసినవి. ఇరుగుపొరుగు మాట కలియుట కాపురము చేసినదానికి గుర్తు గాని, చెడినదానికి గుర్తు కాదు.

ఇంతవరకు ధైర్యము చెప్పుకొన్నాము. ఇక భయము చెప్పుకొనవలె. 1861లో ఇటలీ ఏకమైననాడు నిజముగా ఇటాలియన్ మాట్లాడగలవారు నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే అని ది మౌరో 1963లో లెక్కగట్టినారు. తరువాత వచ్చిన మరియొక లెక్క నూటికి పదిమంది వరకు చూపినది. ఏది నిజమైనను, మిగిలిన వారందరు తమ సీమ భాషలలోనే బ్రదికినారు. పిమ్మట బడి వచ్చినది, సైన్యము వచ్చినది, వలసలు వచ్చినవి, 1954లో టెలివిజను వచ్చినది. 1960 నుండి 1968 వరకు అల్బెర్తో మంజీ అనే ఉపాధ్యాయుడు టెలివిజనులో చదువురాని పెద్దలకు అక్షరములు నేర్పినాడు. అది గొప్ప సేవ. కాని అదే కాలమున పిల్లలు ఇంటిమాటకు సిగ్గుపడుట నేర్చినారు. తల్లిదండ్రులు తమలో తాము నియాపోలిటన్ మాట్లాడుకొని, బిడ్డలతో ఇటాలియన్ మాట్లాడసాగినారు. నియాపోలిటన్‌లో సాహిత్యము లేకనా? సిండ్రెల్లా కథకు ఐరోపాలో అచ్చైన తొలిరూపములలో ఒకటి 1634–36లో వెలువడిన బసీలే కథలలో, ఆ భాషలోనే ఉన్నది. సాహిత్యము ఉన్నంతమాత్రమున ఇంటిమాట నిలువదు. బిడ్డతో మాట్లాడినప్పుడే నిలుచును.

మనకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము సార్దీనియా ద్వీపములోని అల్గేరో పట్టణము. 1354లో అరగాను రాజు నాలుగవ పీటర్ దానిని జయించి కెటలన్ జనులను తెచ్చి నిలిపినాడు. 1720లో ద్వీపము సవాయ్ రాజుల క్రిందికి పోయినది. చుట్టును సార్దీనియన్, కచ్చేరీలోను బడిలోను ఇటాలియన్. అయినను ఆ పట్టణము ఆరువందల సంవత్సరములకు మించి కెటలన్‌ను కాపాడినది. రాజు ఆజ్ఞవలన కాదు, వాకిళ్ళలోను వంటయిండ్లలోను మాట్లాడుటవలన. 1999లో ఇటలీ ప్రభుత్వము 482వ చట్టముచేత పన్నెండు అల్పసంఖ్యాక భాషలకు రక్షణ కల్పించినది. కెటలన్, సార్దీనియన్, ఫ్రియూలియన్ వానిలో ఉన్నవి. వెనీషియన్, నియాపోలిటన్, సిసిలియన్‌లకు ఆ పట్టికలో చోటు దొరకలేదు. చట్టము వచ్చినది కాని, అప్పటికే అల్గేరో యిండ్లలో పెద్దలకు వచ్చిన భాష పిల్లల నోట తగ్గిపోయినది. ఆరువందల ఏండ్లు నిలిచినది రెండు మూడు తరములలో సన్నగిల్లినది.

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టము ప్రకారము బడిలో తమిళము తప్పనిసరి. అది నేర్వదగినదే. మనకు అన్నము పెట్టుచున్న నేలభాష అది. దానిని బాగుగా నేర్చిన పిల్ల తెలుగును మరువవలసిన పని లేదు. బడి తెలుగు లిపి నేర్పినచోట నేర్చుకొందుము. నేర్పనిచోట ఇంటిలో పలక పట్టించుట మన పని. సంఘముల పని ఉగాదినాడు ఒక్క సభతో తీరదు. ఆదివారపు అక్షరాభ్యాసము ఒకటి, అవ్వల నోటి కథలను వారి మాటలోనే వ్రాసిపెట్టుట ఒకటి, ఈ రెండును మనకు ముఖ్యములు. హొసూరు సీమ రచయితలు ఇటీవలి సంవత్సరములలో ఇంటిపలుకులోనే కథలు వ్రాసి అచ్చువేయుచున్నారు. దాంతే చేసిన పని ఇదియే గదా, తన ఊరి మాటకు భయపడక కావ్యము వ్రాయుట!

ఇకమీదట ఎవరైనను మన భాషను ప్రాచ్య ఇటాలియన్ అని పొగడినచో మేము చప్పట్లు కొట్టుదుము. కాని మనస్సులో చివరి అచ్చును గాక, వెనీసు బెంబోను, గొరీజియా అస్కోలీని, అల్గేరో వంటయిండ్లను తలచుకొందుము. ఆ చిన్నపిల్లకు మేము చెప్పదలచినది ఒక్కటే. అమ్మా, నీవు 'యాడికి' అన్నది తప్పు కాదు. ఈసారి మామగారు వచ్చినప్పుడు అదే మాట, అదే తెలుగులో, తలయెత్తి అడుగు. ఆయనకు అర్థమగును. అర్థమగుచునే ఉన్నది కాబట్టియే ఆనాడు నవ్వగలిగినారు.